వారానికో అంగుళం

గోనెసంచుల సంస్థని మూసేస్తారన్న సంగతి గంగవాడలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. ఎలా మూస్తారన్నదే ఎవరికీ తెలియలేదు. ఊరూరా ప్లాస్టిక్ బస్తాలు వచ్చి పడ్డాక ధాన్యం వాళ్ళూ చింతపండు వాళ్ళూ గోనెసంచి మొహం చూడటం మానేశారు. ఆఖరికి సంస్థ వాళ్ళు కూడా పాత ఫైళ్ళు కుక్కడానికి ప్లాస్టిక్ బస్తాలే తెప్పించుకున్నారు. అయినా పద్దెనిమిది మంది ఉద్యోగులు రోజూ పదిన్నరకి వచ్చి అయిదింటికి వెళ్ళేవారు. రానివాళ్ళు సెలవు చీటీ పంపేవారు. అంత పద్ధతి గల ఆఫీసు.

ఆ ఆఫీసుని అసిరమ్మ ఇరవై రెండేళ్ళుగా ఊడుస్తోంది. పొద్దున్నే గదులు తుడవడం, పదకొండుకీ మూడుకీ టీ కాయడం, మధ్యలో ఎవరికేం కావలిస్తే అది అందించడం. కాస్త తెరిపి దొరికితే రికార్డు గది గడప దగ్గర ఒక గోనెసంచి నాలుగు మడతలు పెట్టుకుని కూర్చునేది. సంస్థ సరుకుని ఇంకా వాడుతున్న మనిషి ఆ ఆఫీసు మొత్తానికి ఆవిడ ఒక్కతే.

ఆఫీసు వెనకాల ఒక రేకుల గది ఉంది. అందులో ఆవిడా, కూతురి కూతురు హేమా ఉంటారు. కూతురూ అల్లుడూ ఇటుక బట్టీల వెంట ఊళ్ళు పట్టుకు తిరుగుతారు కాబట్టి పిల్లని ఏడో ఏటి నుంచీ అమ్మమ్మే సాకింది. ఇప్పుడా పిల్ల నర్సింగు ఆఖరి ఏడు చదువుతోంది. కాలేజీ రోడ్డుకి అవతలే. పరీక్షలు జూన్‌లో. సొంతూరు కొండ పక్కన. బస్సు రోజుకి ఒక్కసారి వస్తుంది, అదీ డ్రైవరు ఇంట్లో పోట్లాట లేని రోజున. ఈ గది పోతే పిల్ల చదువు పోయినట్టే. అందుకని సంస్థ మూతపడుతుందన్న బెంగ అసిరమ్మకి అట్టే లేదు. పుట్టినవన్నీ పోయేవే. జూన్ దాటి పోతే చాలు.

కార్తీకమాసంలో రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. సంస్థను మూసివేయవలెను, కాని ఒక్క ఉద్యోగి కంట కూడా నీటిబొట్టు రాలరాదు, అని అందులో ఉంది. ఆ బొట్టు రాలకుండా చూడటానికి ఒక కన్సల్టెంటుని కూడా పంపారు. పేరు నిశాంత్. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, తెల్లగా, ఉతికి ఆరేసినట్టు ఉన్నాడు. వచ్చిన రోజే అందరినీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి గోడ మీద విమానం బొమ్మ చూపించాడు. అసిరమ్మ టీ గ్లాసులు పంచి తలుపు దగ్గర నిలబడింది.

"సాఫ్ట్ లాండింగ్" అన్నాడు నిశాంత్. "విమానం అన్నాక కిందికి రావడం ఖాయం. గట్టిగా తగిలితే ప్రమాదం అంటాం. మెత్తగా తగిలితే లాండింగ్ అంటాం. మంచి పైలట్ దింపితే నిద్రపోయేవాడికి మెలకువ కూడా రాదు. వ్యాపారంలోనూ ఇదే మాట వాడతాం. కంపెనీ దిగిపోతుంది, మనుషులు దిగిపోతారు, కాని ఎవరికీ కుదుపు తెలియదు."

సూపరింటెండెంటు సన్యాసిరావు చెయ్యెత్తాడు. "అయితే మా ఉద్యోగాలు పోవన్నమాట."

"పోతాయి సర్. మీకు తెలియకుండా పోతాయి."

"తెలీకుండానా" అని సన్యాసిరావు కాస్త కుదుటపడ్డాడు. "అలాగైతే పరవాలేదు."

జనరల్ మేనేజరు చిదానందంగారు మాత్రం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసులో అర్థం కాని ఉత్తర్వుని అమలు చేయకుండా వదిలింది లేదు. "బాగున్నది. అయితే సదరు అవరోహణ ఎంత ఎత్తు నుండి జరుగును? ప్రస్తుతము మన ఎత్తు ఎంత?"

నిశాంత్ నవ్వాడు. "సర్, అది పోలిక కోసం అన్న మాట."

"పోలికను అమలు పరచుటకు పద్దు లేదు. కొలవలేని దానిని దింపుట పరిపాలనకు సాధ్యము కాదు" అన్నారు చిదానందంగారు. "ఉద్యోగి ఆసీనుడై ఉన్న ఎత్తే ఉద్యోగి ఎత్తు. టేపు తెప్పించండి."

నిశాంత్ ఆయన కుర్చీని కింది నుంచి పైకి చూశాడు. "అంటే దీన్ని కొలవొచ్చు" అన్నాడు మెల్లగా. కళ్ళలో వెలుగు వచ్చింది. కొలిచే వీలుంటే గ్రాఫు గీయవచ్చు. గ్రాఫు గీస్తే రాజధానికి పంపవచ్చు.

మర్నాటికి ఉత్తర్వు గోడకెక్కింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి సోమవారము ఉదయము పదిన్నర గంటలకు ఆసీనులు ఉపయోగించు కుర్చీల కాళ్ళ నుండి ఒక అంగుళము చొప్పున తొలగించబడును. ఆసీనులు నేలను తాకిన దినమున భూస్పర్శ ధ్రువపత్రము ఇచ్చి గౌరవముగా సాగనంపబడుదురు. నేలను తాకిన వారు ఎనిమిది దినములలో సంస్థ గదులను ఖాళీ చేయవలెను."

చిదానందంగారి కుర్చీ ఇరవై నాలుగు అంగుళాలు. సన్యాసిరావుది ఇరవై. గుమాస్తాలవి పద్దెనిమిది. బంట్రోతుల స్టూళ్ళు పదహారు. ఎవరు దిగడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఆ రోజే అందరూ వేళ్ళ మీద లెక్కేసుకున్నారు, పైకి మాత్రం తెలియనట్టే కూర్చున్నారు. తెలియకూడదని ఉత్తర్వు కదా.

కుర్చీలు కొయ్యడానికి వడ్రంగి సూరాచారిని కుదిర్చారు. గంగవాడలో ఇనప తలుపులు వచ్చాక చేతిలో పని లేక ఆవులిస్తున్న మనిషి. ఆ ఆఫీసులో కొత్తగా పని దొరికింది అతనొక్కడికే. సోమవారం పదిన్నరకి రంపం పట్టుకుని వస్తే సన్యాసిరావు లేచి నిలబడి కాగితం చదివేవాడు. "మరికొద్ది సేపటిలో మనం ఒక అంగుళం దిగబోతున్నాము. కుర్చీలను నిటారుగా ఉంచి కాళ్ళు ముడుచుకొనవలెను." తరవాత అసిరమ్మ పళ్ళెంలో పిప్పరమెంట్లు పెట్టుకుని తలా ఒకటీ పంచేది. ఎత్తు తగ్గేటప్పుడు చెవులు దిబ్బళ్ళు వేస్తాయిట. చప్పరిస్తే వెయ్యవుట.

వచ్చిన చిక్కల్లా బల్లలతో. ఉత్తర్వులో కుర్చీలన్నారు గాని బల్లలనలేదు. బల్లలు వేరే పద్దు. మూడు వారాలు తిరిగేసరికి గుమాస్తాలు చేతులు పైకెత్తి, బట్టలు ఆరేసే వాళ్ళలా రాయాల్సి వచ్చింది. ఒకాయన ఇంటి నుంచి దిండు తెచ్చుకుంటే చిదానందంగారు మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా ఎత్తు పెంచుకొనుట విమానయాన భద్రతకు విరుద్ధము, అని.

స్టూలు కూడా లేనివాళ్ళని కొలిచే వంతు మూడోవారానికి వచ్చింది. సన్యాసిరావు టేపు పట్టుకుని రికార్డు గది గడప దగ్గరికి వచ్చి అసిరమ్మని చూశాడు. గోనెసంచినీ చూశాడు. టేపు తెరవకుండానే చంకలో పెట్టుకున్నాడు.

"నీ ఎత్తు సున్నా రాయాలే, అసిరమ్మా."

"రాసుకోండి బాబూ. నాకేటి."

"అది కాదే. సున్నా అంటే దిగిపోయినట్టు. నీ లాండింగు అయిపోయింది."

"నాను ఎప్పుడు దిగినాను బాబూ?"

"ఇరవై రెండేళ్ళ కిందటే దిగిపోనావు. మేమే సూసుకోలేదు." సన్యాసిరావు చెడ్డవాడు కాదు. చెప్పేటప్పుడు నేల చూపులు చూశాడు. "రూలు ప్రకారం ఎనిమిది రోజుల్లో గది ఖాళీ చెయ్యాలి."

అసిరమ్మ చీపురు గోడకి ఆనించి వెనక గదికి నడిచింది. హేమ ఇత్తడి చెంబులో నిప్పులు పోసుకుని తెల్ల గౌను ఇస్త్రీ చేసుకుంటోంది. సంగతి విని చెంబు పక్కన పెట్టింది.

"అయితే ఊరెల్పోదాం అమ్మమ్మా. వచ్చే ఏడు సూసుకుంటాను."

"నువ్వు ఊరెల్తే నీ పరీచ్చ ఎవులు రాస్తారే? నానా?"

"ఎనిమిది రోజులే కదా టైము."

"ఎనిమిది రోజులంటే తక్కువేటి. మీ యమ్మ పుట్టినప్పుడు నొప్పులే మూడు రోజులు." ఆవిడ పమిట సర్దుకుంది. "గౌను మాడిపోతంది, సూసుకో."

అసిరమ్మకి అక్షరాలు నాలుగే వచ్చు. అ, సి, ర, మ్మ. ఆ నాలుగూ రాత్రి బడిలో నేర్చుకుంది, అయిదోది నేర్చుకుందామనుకునేలోగా బడి ఎత్తేశారు. కాని చూసిందేదీ మరిచిపోయే మనిషి కాదు. హేమ వాళ్ళమ్మ తన కడుపులో ఉండగా పట్నంలో విమానాల మైదానం వేస్తుంటే ఎనిమిది నెలలు అక్కడ తట్టలతో కంకర మోసింది. అన్నం మూట విప్పుకుని కూర్చుంటే విమానాలు లేవడం, దిగడం, రెండూ కళ్ళ ముందే. గచ్చు ఏ మూల పగిలిందో, ఏ మేస్త్రీ ఏమని తిట్టేవాడో ఇప్పటికీ చెప్పగలదు.

మూడింటి టీ పట్టుకుని ఆవిడ మీటింగు హాల్లోకి వెళ్ళింది. చిదానందంగారూ నిశాంతూ గ్రాఫు చూసుకుంటున్నారు.

"బాబూ, ఒక్క మాట అడిగితే కోప్పడరు కదా" అంది అసిరమ్మ నిశాంత్‌తో.

"అడగండి అసిరమ్మగారూ."

"ఎనిమిది నెలలు విమానాల కాడ కంకర మోసినాను బాబూ. లెగినవి సూసినాను, దిగినవి సూసినాను. పైకెల్లకుండా కిందకొచ్చింది ఒక్కటీ నేదు. నన్నెలాగ దింపీసినారు?"

నిశాంత్ గ్లాసు పక్కన పెట్టి గ్రాఫు మళ్ళీ చూశాడు. చిదానందంగారి కళ్ళజోడు బల్ల మీదికి వచ్చింది.

"టేకాఫ్ లేకుండా లాండింగ్ ఉండదు సర్" అన్నాడు నిశాంత్ చివరికి. "లేకపోతే ఈవిడ వివరం గ్రాఫులో ఎక్కడా కూర్చోదు."

"నిజమే" అన్నారు చిదానందంగారు. "సదరు అసిరమ్మ ఆరోహణ చేయని కారణమున అవరోహణకు అనర్హురాలు. అనర్హురాలిని దింపినచో రేపు ఆడిటువారు ఆక్షేపింతురు."

"మరేం చేద్దాం సర్?"

"ముందుగా ఎగురవేయవలెను."

ఎగరెయ్యడానికి కుర్చీ కావాలి. ఉన్నవన్నీ మూడేసి అంగుళాలు తరిగినవే. కొత్తది కొందామంటే, మూసేసే సంస్థ కుర్చీ కొనరాదని వేరే ఉత్తర్వు. వెతగ్గా వెతగ్గా ఛైర్మన్ కుర్చీ ఒక్కటి పూర్తి ఎత్తున దొరికింది. ఛైర్మన్ పదవి పదకొండేళ్ళుగా ఖాళీ. ఆసీనులు లేని కుర్చీ గనక రంపం దాని జోలికి పోలేదు. టేకు కర్ర, చేతుల చివర సింహం తలకాయలు. పూర్వం ఒక పొట్టి ఛైర్మన్‌గారు పొడుగ్గా కనపడాలని చేయించుకున్నది. ముప్పై అంగుళాలు.

"ఎత్తు మాత్రమే ఇచ్చుచున్నాము, పదవి కాదు" అని చిదానందంగారు ఉత్తర్వులో కింద గీత గీసి మరీ రాయించారు.

అసిరమ్మ సింహాల తలలు పట్టుకుని ఎక్కింది. పాదాలు గాలిలో వేలాడాయి. కాళ్ళ కింద పీట అడిగితే ఇవ్వలేదు. పీట మీద కాళ్ళు పెడితే నేల తాకినట్టా కాదా అని కమిటీ వెయ్యాల్సి వస్తుంది. ఆవిడ కూర్చుని వేళ్ళు ముడిచింది. ముప్పై సోమవారాలు. ఏడు నెలల లెక్క. పరీక్షలు జూన్ మొదటి వారం. అంతవరకూ ఎవరూ తనని గది ఖాళీ చెయ్యమనలేరు.

మర్నాడే ఇంకో చిక్కు వచ్చింది. పదకొండయింది, టీ రాలేదు.

"టీ కాయడానికి దిగమంటారా బాబూ?" అంది అసిరమ్మ పైనుంచి.

చిదానందంగారు ఆలోచించారు. "ఉత్తర్వు ద్వారా ఎగురవేయబడి గాలిలో ఉన్నవారు ఆఫీసు వేళలలో నేల మీద సంచరించరాదు. అట్లు సంచరించినచో మొత్తము అవరోహణ చెల్లకుండా పోవును."

కిరసనాయిలు స్టవ్వు నేల మీద ఉంది. నేలకి అందరికన్నా దగ్గరగా ఉన్నవాళ్ళు బంట్రోతులు, గుమాస్తాలు. వాళ్ళకి టీ కాయడం రాదు. చివరికి సన్యాసిరావు కాశాడు. మొదటి గ్లాసు రెండు చేతులతో పైకి అందించాడు.

"పంచదార ఎక్కువైంది బాబూ" అంది అసిరమ్మ. "అల్లం దంచి ఎయ్యాల. గీక్కూడదు."

"రేపు దంచుతానే" అన్నాడు సన్యాసిరావు.

సంక్రాంతి వెళ్ళేసరికి బయటి నుంచి వచ్చినవాళ్ళకి ఆ ఆఫీసులో బల్లలు తప్ప మనుషులు కనిపించేవారు కాదు. అప్పుడప్పుడూ ఒక బల్ల అంచు మీద నాలుగు వేళ్ళు కదిలేవి. కనిపించే మనిషి అసిరమ్మ ఒక్కతే. అందుకని వాళ్ళు నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చి దండం పెట్టి కాగితం చాపేవారు. ఆవిడకి కాగితం చదవడం రాదు. మనిషి మొహం చూసి గుర్తుపట్టేది. "మీ నాన్న సంచుల లైసెన్సు కోసం తిరిగినోడు కదా బాబూ, కుడిచెయ్యి వంకర. సన్యాసిబాబూ, ఆ కాయితం ఎడం పక్క మూడో బస్తాలో ఉంటాది, తుపాను ఏడు తడిసింది. సూడండి." అది అక్కడే ఉండేది. తొమ్మిదేళ్ళుగా కదలని పనులు ఆ నెలలో పదకొండు కదిలాయి. ఇది గ్రాఫులో ఎక్కడ చూపించాలో నిశాంత్‌కి తెలియలేదు, అందుచేత చూపించలేదు.

ఫాల్గుణంలో స్టూళ్ళు నేలకి తగిలాయి. ఆ వెనకే గుమాస్తాలు. దిగిన ప్రతివాడికీ ఒక దండ, ఒక ధ్రువపత్రం, ఒక ఫారం. ఫారంలో ఒకటే ప్రశ్న. కుదుపు తెలిసినదా? దాని ఎదురుగా జవాబు అచ్చువేసే ఉంది. తెలియలేదు. కింద సంతకం పెడితే చాలు.

సన్యాసిరావు ఇరవయ్యో సోమవారం దిగాడు. సూరాచారి ఆఖరి అంగుళం కోసి, కుర్చీ పలకని నేల మీద పెట్టాడు. సన్యాసిరావు దాని మీద మఠం వేసుకు కూర్చుని ఫారం చేతిలోకి తీసుకున్నాడు. వెనకా ముందూ తిప్పి చూశాడు.

"తెలిసింది అని రాయడానికి ఎక్కడా చోటు లేదు" అన్నాడు.

"ఉండదు సర్" అన్నాడు నిశాంత్. "ఇది సాఫ్ట్ లాండింగ్."

సన్యాసిరావు సంతకం పెట్టాడు. లేవబోతే మోకాళ్ళు రాలేదు. ఇరవై ఆరేళ్ళు ఆ ఆఫీసుకి వచ్చిన మనిషి దండ మెడలో వేసుకుని అలాగే కూర్చుండిపోయాడు. గాలిలో ఉన్నవారు నేల మీద సంచరించరాదని అసిరమ్మకి తెలుసు. తెలిసే దిగింది. చెయ్యి ఇచ్చి లేపింది.

"గుమ్మం దాకా ఒస్తాను బాబూ."

"నీ అవరోహణ చెల్లకుండా పోతాదేమోనే" అన్నాడు సన్యాసిరావు.

"పోతే పోనీండి. అల్లం టీ నేర్సుకున్నారు, ఇంటికాడ అమ్మగారికి కాసిపెట్టండి."

నిశాంత్ ఆ కాసేపూ కిటికీలోంచి బయటికి చూశాడు. రిపోర్టులో మాత్రం స్వల్ప గాలి అలజడి అని రాసుకున్నాడు.

చిదానందంగారు ఇరవై నాలుగో సోమవారం దిగాలి. అక్కడ ఆయన రాసిన రూలే ఆయనకి అడ్డం వచ్చింది. భూస్పర్శ ధ్రువపత్రం మీద, దిగేవారికన్నా ఎత్తులో ఉన్నవారు సంతకం పెట్టవలెను. అందరిపైనా తాను పెట్టారు గాని తన పైన ఎవరు పెట్టాలో అప్పుడు తట్టలేదు. చూస్తే ఆఫీసులో ఎత్తున ఉన్నది, తొమ్మిది అంగుళాల మీద, అసిరమ్మ.

ఆయన నేల మీద కూర్చుని కాగితం పైకి చాపారు. "చదివి వినిపించనా?" అన్నారు. ముప్పై ఏళ్ళలో ఆయన ఎవరినీ అలా అడిగి ఉండరు.

"అక్కర్నేదు బాబూ. దిగడమే కదా." అసిరమ్మ నాలుగక్షరాలూ తీరిగ్గా రాసింది. "కుదుపు తెలిసిందా బాబూ?"

"తెలియలేదు" అన్నారు చిదానందంగారు. అది నిజమే. రాజధానిలో కొబ్బరిపీచు సంస్థకి ఆయన్ని అధిపతిగా వేసినట్టు ముందురోజే కబురు వచ్చింది. అక్కడ కుర్చీ ఇరవై ఎనిమిది అంగుళాలుట. పైలట్లు ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కుతారు, ప్రయాణికులే దిగిపోతారు.

ఇక ఆఫీసులో మిగిలింది గాలిలో అసిరమ్మ, గ్రాఫుతో నిశాంత్, సోమవారాల్లో సూరాచారి. జూన్ వచ్చింది. హేమ రోడ్డు దాటి వెళ్ళి పరీక్షలు రాసి వచ్చింది. ఆఖరి రోజు సాయంత్రం వచ్చి చెప్పులు విడవకుండానే చెప్పింది.

"బాగా రాసినాను అమ్మమ్మా. పట్నంలో పెద్దాసుపత్రోళ్ళు మా కాలేజీకొచ్చి ఏడుగుర్ని ఏరినారు. నన్ను కూడా. ఉండడానికి గది ఇస్తారట. సోమవారం సాయంత్రానికి చేరమన్నారు."

అసిరమ్మ పిల్ల తలమీద చెయ్యి వేసింది. "గౌన్లు రెండూ ఉతికి ఆరెయ్యి" అంది.

సోమవారం పొద్దున్నే నిశాంత్ కుర్చీ కొలిచాడు. రెండంగుళాలు. టేపు తిప్పి పెట్టి మళ్ళీ కొలిచాడు. సంస్థలో ఆఖరి మనిషి దిగిన రోజున కన్సల్టెంటు పని ముగిసినట్టే అని ఆయన కాగితాల్లో ఉంది.

"అసిరమ్మగారూ, పైలట్‌కి లాండింగ్ నచ్చకపోతే దిగబోయి మళ్ళీ పైకి లేచిపోతాడు. దాన్ని గో-అరౌండ్ అంటారు. మిమ్మల్ని మళ్ళీ ముప్పై అంగుళాలకి తీసుకెళదాం. ఇంకో ఏడు నెలలు. గది కూడా మీదే." సూరాచారి వైపు తిరిగాడు. "కోసిన ముక్కలన్నీ మళ్ళీ అతికించగలవా?"

సూరాచారి ముక్కు గోక్కున్నాడు. "అతుకులెట్టొచ్చు బాబూ. కూకున్నోళ్ళకి పూచీ నాది కాదు."

"ఒద్దు బాబూ" అంది అసిరమ్మ. "నా ఊరొచ్చింది. నాను దిగిపోతాను."

"ఇంకా రెండంగుళాలు ఉన్నాయండీ."

"పాల గిన్నె పొయ్యి మీంచి దించేటప్పుడు రెండంగుళాల కాడ ఆగుతామేటి బాబూ. సెయ్యి కాల్తాది." ఆవిడ కుర్చీలోంచి లేచి నేల మీద కూర్చుంది. "కాయితం ఇయ్యండి. ఎనిమిది రోజులు కూడా అక్కర్నేదు, గది ఊడ్సేసినాను."

కాగితం ఉంది. సంతకం ఎవరు పెట్టాలి? దిగేవారికన్నా ఎత్తులో ఉన్నవారు. నిలబడితే చెల్లదు, ఆసీనుల ఎత్తే ఎత్తని మొదటి రోజే తేల్చేశారు. ఆ ఆఫీసులో నేలకన్నా పైన ఉన్న కుర్చీ ఒక్కటే మిగిలింది. నిశాంత్ అటూ ఇటూ చూసి, ఒక్క నిమిషమే కదా అనుకుని, ఛైర్మన్ కుర్చీలో కూర్చున్నాడు. మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. కాగితం తొడ మీద పెట్టుకుని సంతకం చేశాడు. అసిరమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది.

"ఎల్లొస్తాను బాబూ. వేళకి అన్నం తినండి, గాలికి ఊగిపోతన్నారు."

ఆవిడ గుమ్మం దాటేసరికి గోడ గడియారం పదిన్నర కొట్టింది. సూరాచారి రంపం తీశాడు.

"బాబూ, ఓపాలి లెగండి."

"నేనెందుకు? నేను ఉద్యోగిని కాదు. కన్సల్టెంట్‌ని."

"ఆర్డర్లో ఆసీనులని ఉంది బాబూ. సన్యాసిబాబు నాకు ఇరవైసార్లు సదివి ఇనిపించినారు." సూరాచారి నేల మీద గొంతుక్కూర్చుని కుర్చీ కాలికి గుర్తు పెట్టాడు. "నాను కుర్సీని కొలుత్తాను. మడిసిని కొలవను."

బయట ఆటోలో ట్రంకు పెట్టె, స్టవ్వు, రెండు మూటలు సర్ది హేమ ఎదురుచూస్తోంది. అమ్మమ్మకి చెయ్యి అందించి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆటో కదలబోతుంటే ఆఫీసులోంచి రంపం చప్పుడు వినిపించింది. హేమ తల బయటికి పెట్టి చూసింది.

"ఇంకా ఎవలి కుర్సీయే అమ్మమ్మా? అందరూ దిగిపోనారు కదా."

"దింపినోడిది" అంది అసిరమ్మ, ఆటో డ్రైవరు భుజం తట్టి. "పోనీ బాబూ, బస్సు దాటిపోతాది."